ముట్టుకోవచ్చా?

“మేడమ్, ముట్టుకోవచ్చా?”

ఆ పిల్లకి ఏడెనిమిదేళ్ళుంటాయి. తమ్ముణ్ణి చంకనేసుకుని గుమ్మంలోనే ఆగిపోయింది. లోపల రెండు బల్లలు దగ్గరికి జరిపి, వాటి మీద ఉతికిన దుప్పటి పరిచి, ఓ నలభై పుస్తకాలు అట్టలు పైకి కనిపించేలా పేర్చారు లైబ్రేరియన్. చందమామ బైండు సంపుటాలు, బుడుగు, మర్యాదరామన్న కథలు, రంగురంగుల బొమ్మలున్న పల్చటి పుస్తకాలు. మా ఊరి శాఖా గ్రంథాలయంలో వేసవి శిబిరం మొదలై అప్పటికి రెండో రోజు.

“ముట్టుకోడానికే పెట్టానమ్మా. కూర్చుని చూడు. నచ్చితే ఇంటికి పట్టుకెళ్ళు” అన్నారావిడ.

పిల్ల తమ్ముణ్ణి కిందికి దించింది. రెండు చేతులూ గౌనుకి తుడుచుకుంది. అప్పుడు తీసింది, ఏనుగు బొమ్మున్న పుస్తకాన్ని.

ఆ చేతులు తుడుచుకోవడం ఇప్పటికీ నా కళ్ళముందే ఉంది. పుస్తకమంటే ఆ పిల్లకి గౌరవం ఉంది. దాని వెనక బెరుకూ ఉంది. గౌరవం వాళ్ళమ్మ నేర్పి ఉంటుంది. బెరుకు మాత్రం మనం నేర్పిందే. నా చిన్నప్పుడు మేం వెళ్ళిన గ్రంథాలయంలో పుస్తకాలన్నీ అద్దాల బీరువాల్లో ఉండేవి. అద్దానికి ముక్కు ఆనించి పేర్లు చదువుకోవాలి, కేటలాగులో నంబరు వెతికి చీటీ రాసివ్వాలి. ఓసారి నేను రాసిన చీటీ చూసి “ఇది నీకెందుకురా?” అని అక్కడి పెద్దాయన వెనక్కిచ్చేశారు. పన్నెండేళ్ళ వాణ్ణి, ఏం చెప్పాలో తెలియక వచ్చేశాను. ఆయన మీద ఇప్పుడు నాకు కోపం లేదు. పుస్తకం పోతే జవాబు చెప్పుకోవాల్సింది ఆయనే. జవాబుదారీ అంతా ఒక మనిషి నెత్తిన పెడితే తాళం వెయ్యక ఏం చేస్తాడు? కానీ ఆ పుస్తకం పేరు నాకింకా గుర్తుంది. చదవడం మాత్రం ముప్పై ఏళ్ళు ఆలస్యమైంది.

అందుకే గ్రంథాలయాల్లో పుస్తక ప్రదర్శనలు, కథల కార్యశాలలు, కలిసి చదువుకునే కూటములు జరుగుతున్నాయంటే నేను పనిగట్టుకుని వెళ్ళి చూసొస్తాను. అవి గ్రంథాలయానికి అదనపు హంగులని చాలామంది అనుకుంటారు. మన తెలుగునాట కథ అలా మొదలవలేదు. మనకు గ్రంథాలయం పుట్టిందే పదిమంది చుట్టూ కూర్చుంటే ఒకరు పైకి చదవడంలోంచి.

రామాలయం అరుగు నుంచి

రాత్రి భోజనాలయ్యాక రామాలయం అరుగు మీద భారతమో భాగవతమో పెట్టుకుని ఒకరు పద్యం చదివితే, పక్కనున్నాయన అర్థం చెప్పేవాడు. వినేవాళ్ళలో అక్షరం వచ్చినవాళ్ళు తక్కువే. అయినా కర్ణుడి పుట్టుక దగ్గర ఎక్కడ ఆపారో మర్నాటికి అందరికీ గుర్తుండేది. ఆ పురాణ కాలక్షేపాన్ని ఎరిగినవాళ్ళే గ్రంథాలయాలు పెట్టారు.

1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం వెలిసింది. కొమర్రాజు లక్ష్మణరావు, మునగాల రాజా నాయని వెంకట రంగారావు, రావిచెట్టు రంగారావు పూనుకున్న పని అది. రావిచెట్టు వారి ఇంట్లోనే మొదలైంది. 1904లో హనుమకొండలో రాజరాజ నరేంద్రాంధ్ర భాషానిలయం. 1911లో బెజవాడలో రామమోహన గ్రంథాలయం. 1914లో అదే బెజవాడలో చిలకమర్తి లక్ష్మీనరసింహం అధ్యక్షతన గ్రంథాలయ ప్రతినిధులు సభ చేసుకుని ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పరచుకున్నారు. దాని వెనక నిలబడి ఊరూరా తిరిగినవారు అయ్యంకి వెంకట రమణయ్య. ‘గ్రంథాలయ సర్వస్వం’ పత్రిక నడిపి, ఏ ఊళ్ళో ఏ గ్రంథాలయం ఏం చేస్తోందో మరో ఊరికి తెలియజేశారు. 1919 నవంబరు 14న మద్రాసులో అఖిల భారత గ్రంథాలయ మహాసభ జరగడం వెనకా ఆయన కృషి ఉంది. ఇవాళ గ్రంథాలయ వారోత్సవాలు మొదలయ్యే తేదీ అదే.

ఈ పేర్లూ సంవత్సరాలూ పోటీ పరీక్షలకు చదివే పిల్లలకు కంఠతా వచ్చు. వాళ్ళకు ఎవరూ చెప్పనిది, ఆ గ్రంథాలయాల్లో సాయంత్రాలు ఏం జరిగేదన్న సంగతి. చదువురాని వాళ్ళకు వార్తాపత్రిక పైకి చదివి వినిపించేవారు. రాత్రి బడులు నడిపేవారు. హరికథలు చెప్పించేవారు. గాడిచర్ల హరిసర్వోత్తమరావు వంటి వారికి గ్రంథాలయం, వయోజన విద్య వేరువేరు పనులు కావు. చదవడం రానివాడికి గ్రంథాలయంతో ఏం పని అని వాళ్ళు ఏనాడూ అడగలేదు. రానివాడి కోసమే ముందు తలుపు తెరిచారు.

నైజాం రాజ్యంలో ఇదే పనికి మరింత గుండెధైర్యం కావలసి వచ్చింది. సభ పెట్టుకోవాలంటే ముందుగా సర్కారు అనుమతి ఉండాలని గస్తీ నిషాన్ 53 చెప్పేది. అలాంటి చోట నలుగురు ఒక గదిలో కూర్చుని తెలుగు పత్రిక చదువుకోవడమే పెద్ద విషయం. హోటల్లో పనిచేసి పొట్టపోసుకున్న వట్టికోట ఆళ్వారుస్వామి, 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, పుస్తకాలు అచ్చువేసి, తానే మోసుకెళ్ళి జనానికి అందించారు. పుస్తకం దగ్గరికి జనం రాలేనప్పుడు జనం దగ్గరికి పుస్తకం వెళ్ళాలన్నది ఆయనకు ఎవరో నేర్పిన సూత్రం కాదు, తన బతుకులోంచి తెలుసుకున్నది.

మా డెల్టాలో అదే పని పడవ చేసింది. 1935లో గుంటూరు జిల్లాలో పాతూరి నాగభూషణం పడవ గ్రంథాలయం నడిపారు. అప్పట్లో కాలువలే రోడ్లు. ధాన్యం, కట్టెలు, పెళ్ళివారు, అన్నీ పడవ మీదే. ఆ దారినే పుస్తకాలూ వెళ్ళాయి. మా కాలువ వంతెన మీద నిలబడినప్పుడల్లా, గట్టెంట ఆగుతూ సాగిన ఆ పడవ నాకు గుర్తొస్తుంది. ఇప్పుడా కాలువలో గుర్రపుడెక్క తప్ప ఏమీ కదలదు.

తాడు కట్టిన ప్రదర్శన

వారోత్సవాల పుస్తక ప్రదర్శన మీరూ చూసే ఉంటారు. నవంబరు 14న జ్యోతి ప్రజ్వలన, ముఖ్య అతిథి ప్రసంగం, ఫొటో. పొడుగాటి బల్లల మీద వరుసగా పుస్తకాలు, ముందు నైలాను తాడు. తర్వాతి రోజుల్లో వ్యాసరచన, వక్తృత్వం, ముగ్గుల పోటీలు. 20న బహుమతులు. 21న పుస్తకాలన్నీ మళ్ళీ బీరువాలోకి. ఏడాదికి ఒక్క వారమైనా గ్రంథాలయానికి నలుగురూ వస్తున్నారు, అది మంచిదే. కానీ ఆ తాడు ఎందుకు? ప్రదర్శన అంటే నగల దుకాణం కాదు కదా.

ప్రదర్శన ఎలా పెట్టాలో మా లైబ్రేరియన్ దగ్గర నేర్చుకున్నాను. ఆవిడ ఒక్కరే ఆ భవనానికంతటికీ దిక్కు. తలుపులు తియ్యడం, పేపర్లు క్లిప్పులకు పెట్టడం, రిజిస్టరు రాయడం అన్నీ ఆవిడే. అయినా పదిహేను రోజులకోసారి ఆ బల్ల మారుస్తారు. వెన్ను కనిపించేలా నిలబెడితే చదవడం వచ్చినవాడికే తెలుస్తుంది, అట్ట కనిపించేలా పెడితే రానివాడికీ తెలుస్తుందంటారు. బల్ల ఎత్తు పిల్లల ఛాతీ దాటకూడదట. మధ్యలో ఖాళీ ఏర్పడితే వెంటనే నింపరు. “ఆ ఖాళీ చూస్తేనే పక్కవాడికి తెలుస్తుందండీ, పట్టుకెళ్ళొచ్చని” అన్నారు.

నేను వెళ్ళినప్పుడు బల్ల మీద విషయం ‘ప్రయాణాలు’. మధ్యలో ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర చరిత్ర. 1830లో చెన్నపట్నం నుంచి బయల్దేరి, బోయీలు మోసే సవారీలో కాశీదాకా వెళ్ళొచ్చిన మనిషి రాసుకున్న పుస్తకం. దాని పక్కన రాహుల్ సాంకృత్యాయన్. ఇంకో పక్క పాత రైల్వే టైంటేబుల్. పిల్లలను ఇళ్ళ నుంచి ఏదైనా తెమ్మన్నారట. ఒకడు రంగు వెలిసిన బస్సు టిక్కెట్లు తెచ్చాడు. ఒకమ్మాయి వాళ్ళ తాతగారి మిలిటరీ ట్రంకుపెట్టె రిక్షాలో వేయించుకుని తెచ్చింది. ఆ పెట్టె చూడటానికి వచ్చిన ఇద్దరు ముసలివాళ్ళు గంటసేపు కూర్చుని, తామెక్కడెక్కడ తిరిగారో పిల్లలకు చెప్పారు. వెళ్తూ వెళ్తూ ఒకాయన వీరాస్వామయ్యను ఇంటికి తీసుకెళ్ళారు.

గ్రంథాలయంలో దాచిన వస్తువు మనిషిని ఎంత దూరం లాక్కురాగలదో చూడాలంటే వేటపాలెం వెళ్ళాలి. ఇప్పటి బాపట్ల జిల్లాలో, చీరాల పక్కన, మగ్గాల ఊరు. ఊటుకూరి వెంకట సుబ్బరాయ శ్రేష్ఠి చొరవతో 1918లో అక్కడ సారస్వత నికేతనం మొదలైంది. 1929లో ఆంధ్ర పర్యటనకు వచ్చిన గాంధీజీ దాని భవనానికి శంకుస్థాపన చేశారు. ఆయన చేతికర్ర ఇప్పటికీ అక్కడ భద్రంగా ఉంది. కర్ర చూడ్డానికి వెళ్ళినవాళ్ళ కంట పాత పత్రికల దొంతర్లు పడతాయి. వందేళ్ళ కిందటి తెలుగు పత్రికల కోసం ఎక్కడెక్కడి పరిశోధకులో ఆ చిన్న ఊరికి వచ్చి రోజులతరబడి ఉండిపోతారు. దాన్ని కాపాడుకుంటూ వచ్చింది ఊరివాళ్ళే.

వేపచెట్టు కింద

ఇక గొంతు సంగతి. ఏ గ్రంథాలయంలోనైనా మొదట కనిపించే బోర్డు ‘నిశ్శబ్దం పాటించండి’. ఇవాళ ఆ నిశ్శబ్దం నిజంగానే అవసరమైన వాళ్ళున్నారు. హైదరాబాదు చిక్కడపల్లి గ్రంథాలయం కానివ్వండి, మా ఊరి శాఖ కానివ్వండి, పొద్దున్నే వచ్చి కుర్చీ పట్టుకునేది ఉద్యోగ పరీక్షలకు చదివే పిల్లలే. టిఫిన్ డబ్బా, నీళ్ళసీసా, సొంత పుస్తకాలు వెంట తెచ్చుకుంటారు. ఇరుకు గదిలో అద్దెకుండే వాళ్ళకు ఆ ఫ్యాను కింద కుర్చీయే పెన్నిధి. వాళ్ళ వల్ల గ్రంథాలయం పాడైపోయిందని అనేవాళ్ళతో నేను ఏకీభవించను. వాళ్ళు లేకపోతే ఈపాటికి సగం శాఖలకు తాళాలు పడేవి. అయితే వాళ్ళున్న గదిలో ముప్పైమంది పిల్లలు నక్క కథకు కిచకిచలాడితే ఎలా?

మా ఊళ్ళో దీనికి దొరికిన మందు, పెరట్లో వేపచెట్టు. సాయంత్రం నాలుగున్నరకు రెండు చాపలు తీసుకెళ్ళి దాని కింద పరుస్తారు. కథ అక్కడ. లోపల చదువు లోపల. వారం తిరిగేసరికి గ్రూప్స్‌కు చదివే ఒక కుర్రాడు కాస్త విశ్రాంతికని బయటికొచ్చి చాప చివర కూర్చున్నాడు. పదోరోజుకు అతనే చదివి వినిపిస్తున్నాడు. శ్రీకాకుళం యాసలో అతను చదివిన పేదరాశి పెద్దమ్మ మాటలకు మా డెల్టా పిల్లలు మొదట నవ్వారు. తర్వాత ఆ యాసలోనే కావాలని పట్టుబట్టారు.

పైకి చదవడం అంత తేలికేం కాదు. రిటైరైన ఒక తెలుగు టీచరు రెండు ఆదివారాలు దాని మీదే కార్యశాల పెట్టారు. తల్లులు, డిగ్రీ అమ్మాయిలు, ఒక ఆటో డ్రైవరు, మొత్తం ఇరవైమంది. ఆయన చెప్పినవన్నీ చిన్న చిన్న సంగతులే. పుస్తకం నీ ముఖానికి కాదు, పిల్లల ముఖానికి తిప్పి పట్టుకో. నువ్వు వారగా చూస్తూ చదవడం అలవాటు చేసుకో. పేజీ తిప్పే ముందు ఒక్క క్షణం ఆగు, తర్వాతేమిటో వాళ్ళనే అననివ్వు. మాట మాటకీ అర్థం అడిగి కథను పరీక్ష చెయ్యొద్దు. నిన్న చదివిందే మళ్ళీ చదవమంటే విసుక్కోకు, వాళ్ళకది పాతబడలేదు. నీతి నువ్వు చెప్పకు.

ఆ ఆఖరి మాట దగ్గర ఒకావిడ చెయ్యెత్తింది. “మరి నీతి చెప్పకపోతే కథెందుకండీ మాస్టారూ?” అని. ఆయన కాసేపాగి, “మీ చిన్నప్పుడు మీ అమ్మమ్మ చెప్పిన కథల్లో మీకేది గుర్తుందమ్మా, కథా, నీతా?” అన్నారు. ఆవిడ నవ్వేసింది. తనకు గుర్తున్నది ఏడు చేపల్లో ఎండని చేప అంది.

ఆ ఆవిడే మరో నలుగురైదుగురితో కలిసి శుక్రవారం మధ్యాహ్నాలు ఆడవాళ్ళ చదువు కూటమి మొదలెట్టింది. పొదుపు సంఘం లెక్కలయ్యాక అరగంట. ఎంచుకున్న పుస్తకం శంకరమంచి సత్యం ‘అమరావతి కథలు’. నూరు కథలు, ఒక్కోటీ నాలుగైదు పేజీలు. ఒక కథ చదవడానికి పావుగంట, దాని మీద మాట్లాడుకోవడానికి మరో పావుగంట. పొయ్యి మీద పాలు పొంగేలోగా ఇంటికి చేరొచ్చని వాళ్ళే లెక్క వేసుకున్నారు. తెలుగువాళ్ళు ఎక్కడున్నా ఈ కూటమి వాళ్ళకు తెలిసిన పద్ధతే. అమెరికాలో డిట్రాయిట్ తెలుగు సాహితీ సమితి వాళ్ళు 1998 నుంచి పుస్తకం చదువుకుని కలిసి చర్చించుకుంటున్నారు. అక్కడ మంచులో కారేసుకుని వెళ్తారు, ఇక్కడ ఎండలో గొడుగేసుకుని వస్తారు.

దబ్బనం, దారం, మైదా జిగురు

శిబిరం మూడో వారంలో బైండింగు నేర్పించారు. బస్టాండు దగ్గర కొట్లో బైండింగు చేసే పెద్దాయన వచ్చాడు. ఆయన సామానంతా ఒక గోనెసంచి: దబ్బనం, నూలుదారం, మైనం ముద్ద, ఎముకతో చేసిన మడత బద్ద, ముతక గుడ్డ, అట్టలు. కాగితాలు నాలుగేసి చొప్పున మడతపెట్టించాడు. మడత మీద బద్దతో ఒక్క గీత గీస్తే కాగితం కత్తిలా నిలబడింది. దారాన్ని మైనం మీద లాగి చూపించాడు, “ఇట్టా లాగితే చిక్కుపడదు, తేమ తాగదు” అని. మూడు రంధ్రాల కుట్టు. మధ్య రంధ్రంలోంచి మొదలుపెట్టి మధ్య రంధ్రం దగ్గరే ముడి. కొట్లో అయితే పురుగు పట్టకుండా మైదా జిగురులో మైలుతుత్తం కలుపుతాడట. అది విషం, పిల్లల చేతులు నోట్లోకి వెళ్తాయి కాబట్టి ఆ రోజు ఉత్త జిగురే కాచి తెచ్చాడు.

సాయంత్రానికి ముప్పై తెల్ల పుస్తకాలు తయారయ్యాయి. ఇప్పుడు వీటిలో ఏం రాయాలి? ఇంట్లో పెద్దవాళ్ళను అడిగి, వాళ్ళకు తెలిసిన కథ ఒకటి రాసుకు రమ్మన్నారు లైబ్రేరియన్. పుస్తకాల్లో ఉన్నది వద్దు, టీవీలో చూసింది వద్దు.

చేతులు తుడుచుకున్న పిల్ల గుర్తుందిగా? వాళ్ళ నాయనమ్మ నాట్లకూ కోతలకూ వెళ్ళే మనిషి. సంతకం చెయ్యడం తప్ప చదువు లేదు. ఆవిడ చెబుతుంటే పిల్ల మూడు రాత్రులు కూర్చుని రాసింది. 1977 నవంబరులో దివిసీమ ఉప్పెన వచ్చిన రాత్రి, నాయనమ్మ పుట్టింటివాళ్ళ గేదె తాడు తెంపుకుని పోయి, నాలుగో రోజున తనంతట తానే తిరిగొచ్చిన సంగతి. పదకొండు పేజీలు. గేదె బొమ్మ పిల్లే వేసింది. కొమ్ములు మరీ పెద్దవయ్యాయని నాయనమ్మ అభ్యంతరం చెప్పిందట. దాంతో చెరిపి మళ్ళీ వేసింది. ఆ చెరిపిన గీతలు ఇంకా కనిపిస్తాయి.

శిబిరం ముగింపు రోజున ఆ పుస్తకాలన్నీ బల్ల మీద పెట్టారు. అంతటితో ఆగలేదు. వాటిలో పన్నెండింటిని లైబ్రేరియన్ గ్రంథాలయ పుస్తకాలుగా నమోదు చేశారు. ఒక్కో దానికీ నంబరు వేసి, లోపలి పేజీలో ఊదా రంగు స్టాంపు గుద్దారు. రచయిత అన్నచోట నాయనమ్మ పేరు, రాసిందీ బొమ్మలు వేసిందీ అన్నచోట మనవరాలి పేరు. నాయనమ్మ ఆ స్టాంపు మీద వేలు పెట్టి చూసింది, తడి ఆరిందో లేదో అని.

వీటన్నిటికీ అయిన ఖర్చెంత అని అడిగాను. కాగితాలు, అట్టలు, జిగురు, పిల్లలకు మజ్జిగ. ఓ పెళ్ళిలో ఫ్లెక్సీకి పెట్టే డబ్బుకు మించలేదు. అదీ చందాలే. మన ఇంటిపన్నులో రూపాయికి ఎనిమిది పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు కడుతున్నాం. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ఏర్పాటది. పంచాయతీలు, మునిసిపాలిటీలు దాన్ని వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చెయ్యాలి. జనం కట్టిన ఆ సెస్సు బకాయిల పద్దులో ఆగిపోతే, పడవల మీద పుస్తకాలు తిప్పిన గడ్డ మీద, ఒక లైబ్రేరియన్ నాలుగు ఊళ్ళ శాఖలు చూసుకోవాల్సి వస్తుంది. ఈసారి ఇంటిపన్ను రసీదు తీసి ఆ గడి చూడండి. అది ఎక్కడికి వెళ్తోందని మీ వార్డు సభ్యుణ్ణి అడగండి. నేను అడిగాను. సమాధానం ఇంకా రాలేదు, మళ్ళీ అడుగుతాను.

జూలైలో మళ్ళీ ఆ గ్రంథాలయానికి వెళ్ళాను. వానలు పడి వేపచెట్టు కింద బురదగా ఉంది. చాపలు వరండాలోకి మారాయి. బల్ల మీద గేదె పుస్తకం కోసం చూశాను. లేదు. పోయిందేమోనని గుండె గుభిల్లుమంది. లైబ్రేరియన్ ఇష్యూ రిజిస్టరు నా వైపు తిప్పారు. శిబిరం అయ్యాక ఆ పుస్తకం ఇళ్ళకు వెళ్ళడం అది తొమ్మిదోసారి.

“రేపు రావాలండీ అది” అన్నారావిడ తేదీ చూసి. “కానీ వాళ్ళింట్లో ముసలాయన ఉన్నాడట, రోజూ చదివించుకుంటున్నాడట. ఇంకో వారం రాయమన్నారు. రాశాను.”